డైనోసార్ల రాజ్యం రాకముందు గోదావరి గడ్డ మీద ఎవరున్నారు?

[విజువల్: పరంగిమలై మెట్ల పక్కన బయటపడ్డ నల్లటి బండరాయి]

నమస్తే. ఇంట్లో డైనోసార్ బొమ్మలతో ఆడే పిల్లలుంటే వాళ్ళని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. చెన్నైలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది: "ఇక్కడ డైనోసార్లు ఉండేవా?"

ఈ కనిపిస్తున్న రాయి పేరు చార్నొకైట్. పరంగిమలై, పల్లావరం గుట్టలన్నీ ఇదే. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమ్మీద ఎముక ఉన్న ప్రాణి ఒక్కటీ లేదు, కాబట్టి ఇందులో ఎంత వెతికినా శిలాజం దొరకదు. ఇటు గిండీ చిల్డ్రన్స్ పార్కులో రాయిగా మారిన చెట్టు మొద్దు ఒకటి ఉంది. దాని వయసు 2 కోట్ల సంవత్సరాలు. అది బతికున్న నాటికే డైనోసార్లు అంతరించి నాలుగు కోట్ల ఏళ్ళు దాటిపోయింది. ఒకటి మరీ పాతది, ఇంకొకటి మరీ కొత్తది.

మనకి ఇవాళ కావాల్సింది ఈ రెండింటికీ మధ్యలో వచ్చే ట్రయాసిక్ కాలం. 25.2 కోట్ల ఏళ్ళ కిందట మొదలై, 20.1 కోట్ల ఏళ్ళ కిందట ముగిసింది. ఆ కాలపు ఎముకలు చూపించే రాళ్ళు కావాలంటే మనం ఉత్తరానికి వెళ్ళాలి. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే రైళ్ళు వరంగల్ దాటాక మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగా పోతాయి కదా, ఆ ప్రాంతమే. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా. ప్రాణహిత, గోదావరి నదుల లోయ.

[విజువల్: మ్యాప్. చెన్నై నుంచి రైలు మార్గం, ప్రాణహిత-గోదావరి లోయ దగ్గర ఎర్ర రంగు]

అక్కడి రాతి పొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేర్లు చూడండి. ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం. అన్నీ ఊళ్ళ పేర్లే. అర్జెంటీనాలో, ఇంగ్లండులో ట్రయాసిక్ జంతువుల మీద పనిచేసేవాళ్ళు ఈ పేర్లు రోజూ వాడతారు. మన స్కూలు పుస్తకాల్లో మాత్రం ఇవి పెద్దగా కనిపించవు. ఆ లోటు నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

కథ బొగ్గు దగ్గర మొదలుపెడదాం. సింగరేణి బొగ్గు ఈ లోయలోదే. అది ట్రయాసిక్ కన్నా ముందటి పెర్మియన్ కాలపు అడవుల నుంచి వచ్చింది. ఆ కాలం చివర్లో, ఇప్పటి సైబీరియా ప్రాంతంలో భూమి చీలి లక్షల ఏళ్ళ పాటు లావా పొంగింది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో నిండిపోయి, సముద్రాలు వేడెక్కి, ఆక్సిజన్ అందక ప్రాణులు చచ్చిపోయాయి. సముద్ర జీవజాతుల్లో 80 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. డైనోసార్లను చంపిన ఉల్కాపాతం గురించి అందరికీ తెలుసు. ఈ విలయం దానికన్నా పెద్దది. దాని తర్వాత వచ్చిన తొలి ట్రయాసిక్ రాళ్ళలో ప్రపంచంలో ఎక్కడా బొగ్గు పొరలు దొరకలేదు. బొగ్గు ఏర్పడేంత దట్టమైన చిత్తడి అడవులు మళ్ళీ రావడానికి కోటి ఏళ్ళు పట్టింది.

ఆ ఖాళీ ప్రపంచంలో బతికి బట్టకట్టిన వాటిలో లిస్ట్రోసారస్ ఒకటి. పొట్టి కాళ్ళు, మూతి చివర పక్షి ముక్కు లాంటిది, రెండు కోరలు. దాని ఎముకలు బెంగాల్‌లో పాంచేట్ పొరల్లో దొరికాయి, దక్షిణాఫ్రికాలో దొరికాయి, అంటార్కిటికాలోనూ దొరికాయి. అది సముద్రాలు ఈదే జంతువు కాదు. ఆ రోజుల్లో ఖండాలన్నీ ఒకే నేలగా కలిసి ఉండేవి, అది నడుచుకుంటూ వెళ్ళింది. మన భూభాగం భూమధ్యరేఖకు దక్షిణాన, ఆఫ్రికా, అంటార్కిటికాలకు ఆనుకుని ఉండేది.

[విజువల్: ఎర్రటి బంకమట్టి నేల, వాన కోసిన వాగు గట్టు]

ఇప్పుడు ఎర్రపల్లి పొరలకు వద్దాం. వీటి వయసు సుమారు 24 కోట్ల ఏళ్ళు. మట్టి ఎందుకింత ఎర్రగా ఉందంటే అందులో ఇనుము తుప్పు పట్టి ఉంది. కొన్నాళ్ళు వాన, కొన్నాళ్ళు గట్టి ఎండ, మళ్ళీ వాన. ఆ నేల మీద ఋతుపవనాలు బలంగా ఉండేవని మొదట గట్టిగా వాదించిన వాళ్ళలో పామెలా రాబిన్సన్ ఒకరు. ఆమె గురించి కాసేపట్లో చెబుతాను.

ఇక్కడ దొరికిన వాడియాసారస్‌ని గడ్డి మేసే గేదె సైజులో ఊహించుకోవచ్చు, కాకపోతే అప్పటికి గడ్డి ఇంకా పుట్టలేదు. ఆకులు, వేర్లు తినేది. పేరు చివర సారస్ ఉన్నా అది బల్లి జాతి కాదు, డైనోసార్ అంతకన్నా కాదు. పాలిచ్చే జంతువులు ఏ కొమ్మ నుంచి వచ్చాయో ఆ కొమ్మకు చెందినది. అంటే దానికి డైనోసార్లకన్నా మనమే దగ్గరి చుట్టాలం. భారత భూగర్భ శాస్త్రానికి పెద్ద దిక్కైన డి.ఎన్. వాడియా పేరు దానికి పెట్టారు.

దాన్ని వేటాడగల జంతువు కూడా అక్కడే ఉంది. భారితలసుకస్. మొసళ్ళ, డైనోసార్ల పూర్వీకులకు దగ్గరి జాతి. ఒంటికి మించిన తల, మాంసం చీల్చే పళ్ళు. 2021లో దానికి ఆ పేరు పెట్టినవాళ్ళు మన "భారీ తల"నే తీసుకున్నారు. ఇంట్లో పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి, సంబరపడతారు.

ఇక మలేరి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు.

[విజువల్: పాత నాగపూర్ చిత్రం, పక్కన మలేరి ఎర్ర నేల]

1850లలో నాగపూర్‌లో స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లాండ్ మిషనరీ ఉండేవాడు. రాళ్ళంటే ప్రాణం. మలేరి నుంచి ఎముకలు సేకరించింది ఆయనే. 1863లో నీళ్ళలో మునిగి చనిపోయాడు. ఇక్కడి ఎముకలు ఇంగ్లండులో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ చేతికి వెళ్ళాయి. ఆయన అంతకుముందే, 1859లో, స్కాట్లాండ్‌లో దొరికిన ఒక జంతువుకి హైపెరోడపెడాన్ అని పేరు పెట్టాడు. మలేరి దవడ ముక్క చూడగానే అదే జంతువని గుర్తుపట్టాడు. స్కాట్లాండ్ ఎక్కడ, మలేరి ఎక్కడ! ఖండాలు కదిలాయన్న ఆలోచనని అప్పటికి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఇవాళ అదే జంతువు బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో కూడా తెలుసు.

దాని నోరు దగ్గరగా చూద్దాం, ఇది నిజంగా చూడాల్సిన వస్తువు.

[విజువల్: హైపెరోడపెడాన్ పుర్రె కింద నుంచి, నెమ్మదిగా జూమ్]

ముందు రెండు వంకర ఎముకలు ముక్కులా కిందికి దిగాయి. లోపల పైదవడలో అటొక పలక, ఇటొక పలక. ప్రతి పలక మీద చిన్న చిన్న పళ్ళు వరసలుగా ఉన్నాయి, మధ్యలో పొడుగ్గా ఒక గాడి. కింది దవడ అంచు కత్తిలా పైకి లేచి సరిగ్గా ఆ గాడిలో కూర్చుంటుంది. వక్కలు కత్తిరించే అడకత్తెర పనితీరే ఇది. గట్టి కాండాలు, గింజలు నోట్లో పెట్టి నొక్కితే తెగిపోతాయి. పళ్ళు అరిగేకొద్దీ పలక వెనకవైపు కొత్తవి పుట్టుకొస్తాయి. పుర్రె వెనక భాగం అంత వెడల్పుగా ఉన్నది బలమైన దవడ కండరాల కోసం. మలేరి కింది పొరల్లో ఈ జంతువు ఎముకలు బోలెడు దొరుకుతాయి. ఆ రోజుల్లో గోదావరి తీరంలో మేసే మందలు ఇవే.

నీళ్ళలో ఇంకో కథ. పారాసుకస్. చూడగానే మొసలి అంటారు. పొడుగాటి మూతి, నిండా పళ్ళు, వీపు మీద పెంకులు. ముక్కు రంధ్రాలు చూడండి. మొసలికి మూతి చివర ఉంటాయి. దీనికి వెనక్కి జరిగి కళ్ళ దగ్గర ఉన్నాయి. అంటే ఇది మొసళ్ళ తాత కాదు. వేరే వంశం, అదే బతుకు బతికి అదే ఆకారానికి వచ్చింది. దీని జాతి పేరు హిస్లోపి. ఆ మిషనరీ పేరే.

మలేరిలో రెండు పారాసుకస్ అస్థిపంజరాలు ఎముకలు చెదరకుండా దొరికాయి. వాటిని శుభ్రం చేస్తుంటే పొట్ట భాగంలో వేరే జంతువు ఎముకలు బయటపడ్డాయి. పొడుగు మెడ, సన్నటి ఒళ్ళు, మీటరుకు పైగా పొడవున్న సరీసృపం. రెండింటి పొట్టలోనూ అదే. చివరి భోజనం ఇంకా అరగకముందే అవి చచ్చిపోయి బురదలో కూరుకుపోయాయన్నమాట. అప్పటిదాకా శాస్త్రానికి తెలియని ఆ జంతువుకి 1980లో శిలాజ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ మలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టారు.

[విజువల్: కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ భవనం]

ఆ రాబిన్సనే ఇందాక చెప్పిన శిలాజ శాస్త్రవేత్త పామెలా రాబిన్సన్. లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి 1950ల చివర్లో కలకత్తా వచ్చారు. పిలిచింది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అనే గణాంక సంస్థని స్థాపించిన పి.సి. మహలనోబిస్. లెక్కల సంస్థకి ఎముకలతో ఏం పని అనిపిస్తుంది. ఆయన దృష్టిలో కొలవగలిగిందల్లా శాస్త్రమే. ఆమె దగ్గర శిక్షణ పొందిన కుర్ర పరిశోధకులు గోదావరి లోయలో ఏళ్ళ తరబడి ఎండల్లో తిరిగారు. ఎముక కనబడితే చుట్టూ మట్టి తవ్వి, గోనె గుడ్డ పీలికలు ప్లాస్టర్‌లో ముంచి కట్టు కట్టి, ఎండాక తిప్పి, అటువైపూ కట్టి, బరువైన ఆ దిమ్మని మోసుకెళ్ళేవారు. అక్కడి నుంచి ప్రయోగశాలలో సూదితో మట్టి గీకే పని నెలల పాటు సాగేది. మలేరిలో దొరికిన ఇంకో జంతువుకి ఎక్సేరెటోడాన్ స్టాటిస్టికే అని ఆ సంస్థ పేరే పెట్టుకున్నారు. పాలిచ్చే జంతువుల పూర్వీకులకు అది ఇంకా దగ్గరి చుట్టం.

మరి డైనోసార్లు?

మలేరి కింది పొరల్లో ఇప్పటిదాకా పేరు దక్కించుకున్న డైనోసార్ ఒక్కటే, ఆల్వాకేరియా. బాగా చిన్నది. దొరికినవి కొన్ని ఎముకలు, వాటిలో కొన్ని వేరే జంతువువి కావచ్చని కూడా అనుమానం ఉంది. చుట్టూ వందల కొద్దీ హైపెరోడపెడాన్ ఎముకలు, నీళ్ళలో పారాసుకస్‌లు, బురదలో పెద్ద తలల ఉభయచరాలు. వాటి మధ్య కాళ్ళ సందున తిరిగే చిన్న ప్రాణి డైనోసార్. పిల్లల పుస్తకాల్లో మొదటి పేజీ నుంచే డైనోసార్లు రాజ్యమేలినట్టు బొమ్మలేస్తారు. అది తప్పు. ట్రయాసిక్‌లో చాలా భాగం అవి అణిగిమణిగి బతికాయి.

అదే మలేరి పై పొరలకి ఎక్కండి. హైపెరోడపెడాన్ మాయం. ఇక్కడే కాదు, ప్రపంచమంతటా ఆ వంశం పోయింది. ఆ పొరల్లో జక్లపల్లిసారస్, నంబాలియా దొరికాయి, 2011లో పేర్లు పెట్టారు. తర్వాత రోజుల్లో వచ్చిన పొడుగు మెడ డైనోసార్లకి ఇవి తొలి చుట్టాలు. ఒకే ప్రాంతంలో, కింద పొరకీ పై పొరకీ మధ్య, ఎవరు పోయారో ఎవరు పెరిగారో కనిపిస్తోంది. ఇలా చూపించే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

[విజువల్: మలేరిరాప్టర్ ఊహాచిత్రం]

2025లో ఇంకొకటి చేరింది, మలేరిరాప్టర్ కుట్టి. అన్నారం ఊరి దగ్గరి పై మలేరి పొరల్లో దొరికిన మాంసాహారి డైనోసార్, వయసు సుమారు 22 కోట్ల ఏళ్ళు. ఇది హెరెరాసార్ల కుటుంబానిది. అర్జెంటీనాలో హెరెరాసారస్ పేరుతో ప్రసిద్ధమైన కుటుంబం అది. హైపెరోడపెడాన్ లాంటి మేత జంతువులు పోయాక దక్షిణ ఖండాల్లో ఈ వేటగాళ్ళు కూడా పోయి ఉంటాయనిపించేది, ఎందుకంటే ఆ తర్వాతి కాలపు ఎముకలు ఉత్తర అమెరికాలోనే తెలుసు. పోలేదని అన్నారం ఎముకలు చెప్పాయి. పేరులోని కుట్టి అంటే టి.ఎస్. కుట్టి, కలకత్తా బృందంలోని మనిషి. ఈ లోయలో రాతి పొరల వరసని విడదీసి చూపించినవాళ్ళలో ముఖ్యుడు. ఈ ఎముకల గురించి 2011లోనే ఒక పరిశోధనా పత్రంలో ప్రస్తావన వచ్చింది. పేరు రావడానికి ఇంకా అన్నేళ్ళు పట్టింది.

20.1 కోట్ల ఏళ్ళ కిందట మళ్ళీ అగ్నిపర్వతాలు. ఈసారి అట్లాంటిక్ సముద్రం విచ్చుకుంటున్న చోట. పారాసుకస్ వంశం మొత్తం పోయింది, డైనోసార్లు మిగిలాయి. రాజ్యం అక్కడి నుంచి వాటిది.

ఇప్పుడు ఇవన్నీ ఎక్కడ చూడొచ్చు? అసలు ఎముకల్లో ఎక్కువ భాగం కలకత్తా సంస్థ మ్యూజియంలో ఉన్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ కూడా ఈ లోయలోనే యామన్‌పల్లి దగ్గర దొరికింది, కాకపోతే అది జురాసిక్ కాలానిది. చెన్నై నుంచి సెలవులకి హైదరాబాద్ వెళ్తే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. మలేరి జంతువులకి మాత్రం మంచిర్యాలలోనో ఆసిఫాబాద్‌లోనో ఒక మంచి మ్యూజియం కట్టాలి. ఆ ఊళ్ళ పిల్లలు తమ ఊరి పేరున్న డైనోసార్‌ని కలకత్తా వెళ్ళి చూడాల్సిన పని ఉండకూడదు.

మీ సొంతూరు ఆ పక్కన ఉంటే ఒక్క మాట. వానలు తగ్గాక వాగు గట్టుల్లో, చేల అంచుల్లో రాయిలా బరువుగా ఉండి ఎముక ఆకారంలో ఉన్నదేదైనా కనబడితే తవ్వకండి, ఇంటికి తెచ్చుకోకండి. ఏ పొరలో ఉందో తెలియకపోతే ఆ ఎముక విలువ సగం పోతుంది. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి, ఫోన్లో లొకేషన్ సేవ్ చేసుకోండి, జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా హైదరాబాద్ ఆఫీసుకి పంపండి.

వచ్చే వీడియోలో ఇదే లోయలోని జురాసిక్ కాలపు కోట పొరలు, మనిషంత పొడవు తొడ ఎముకల డైనోసార్ బారపాసారస్.