హైస్కూలు సంగీత నాటకం: ముందు శ్రుతి, తర్వాతే పాత్రలు

(విజయవాడలో హైస్కూలు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వార్షికోత్సవానికి సంగీత నాటకం అనుకోగానే మనం ముందు పాత్రలు పంచేస్తాం. ఎత్తుగా ఉన్నవాడు కృష్ణుడు, కంఠం పెద్దదైతే దుర్యోధనుడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలది గొంతు మారే వయసు. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే ‘స’ స్థాయి, అంకె పెరిగేకొద్దీ అది పైకి వెళ్తుంది. జూలైలో 5 శ్రుతిలో హాయిగా పాడినవాడు డిసెంబరు వచ్చేసరికి పై షడ్జం, అంటే పై ‘స’ దగ్గర గొంతు చీలి ఆగిపోవచ్చు. స్వరతంత్రులు సాగి మందమవుతున్నాయి మరి, వాడేం చేస్తాడు? గట్టిగా పాడమని తరిమితే గొంతు బొంగురుపోతుంది, అంతే.

ఒక్కొక్కరినీ హార్మోనియం దగ్గర కూర్చోబెట్టి, కింద ఎంతవరకు, పైన ఎంతవరకు ఇబ్బంది లేకుండా పాడుతున్నారో రాసుకోండి. నెలకోసారి మళ్లీ చూడండి. గొంతు మారుతున్నవాడికి మాటలెక్కువున్న పాత్ర ఇవ్వండి, లేదా వాడి పాట వరకు శ్రుతి 2కో, ఒకటిన్నరకో దించండి. ఆ వెంటనే ఆడపిల్ల 5లో పాడాల్సి ఉంటే మధ్యలో నాలుగు మాటల సంభాషణ రాయండి. హార్మోనిస్టు శ్రుతి మార్చుకోవడానికి ఆ వ్యవధి చాలు.

నాటకం 40 నిమిషాలు దాటనివ్వకండి. 6 పాటలు, ఒక్కోటి 3 నిమిషాలు. రిహార్సల్స్‌కు 8 వారాలు కావాలి: 3 వారాలు కూర్చుని పాట మాత్రమే, 3 వారాలు నడుస్తూ పాడటం, చివరి 2 వారాలు దుస్తులతో, మైకుతో. కిరీటం పెట్టుకుంటే చెవులు మూసుకుపోయి శ్రుతి వినపడదు, అందుకే దుస్తులు చివరి రోజుకి వదలొద్దు. గెంతుతూ పాడితే ఊపిరి చాలదు. ఆ చరణాలు పక్కన నిలబడే బృందానికి ఇచ్చేయండి.

తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి హాల్లో గోడలు గొంతుకు తోడిస్తాయి. బడి మైదానంలో షామియానా కింద అది ఉండదు. స్పీకర్లన్నీ జనం వైపే ఉంటే పిల్లలకు హార్మోనియం వినపడక శ్రుతి జారిపోతుంది. ఒక చిన్న స్పీకరు స్టేజీ వైపు తిప్పించి, అందులో హార్మోనియం ఒక్కటే పెట్టించండి. దాని ఎదుటికి మైకు వస్తే కూత పెడుతుంది, జాగ్రత్త. కీబోర్డు వాడితే ఇంకో ప్రమాదం: కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా చాలా కీబోర్డుల్లో మనం పెట్టుకున్న శ్రుతి చెరిగిపోతుంది. యూపీఎస్ ఉండాల్సిందే.

ఇక మన గుంటూరు, బెజవాడ జనం పద్యనాటకం రుచి ఎరిగినవాళ్లు. ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. పిల్లలు బిత్తరపోతారు. ఏ పద్యం మళ్లీ పాడాలో ముందే తేల్చుకోండి, అదీ ఒక్కటే. మిగతా చోట్ల చప్పట్లు ఆగేదాకా చూడకుండా హార్మోనిస్టు తర్వాతి పాట శ్రుతి అందుకోవాలి.