ఆర్‌ఎస్‌వి టీకాకు దారి చూపిన ప్రోటీన్ ఆకారం

నమస్కారం. ఆర్‌ఎస్‌వి అనేది పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే వైరస్. 1960లలో అమెరికాలో దీనిని ఫార్మలిన్ అనే రసాయనంతో నిర్వీర్యం చేసి, పసివాళ్లకు టీకాగా వేసి చూశారు. తర్వాత వైరస్ సోకినప్పుడు, ఒక బృందంలో టీకా పొందిన పిల్లల్లో జబ్బు పడినవారిలో సుమారు 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు మరణించారు. కాపాడవలసిన టీకాయే జబ్బును ముదిరించడంతో దశాబ్దాల పాటు ఈ ప్రయత్నం ముందుకు సాగలేదు.

ఈ వైరస్ మన కణంలోకి చొరబడేది ఎఫ్ అనే ప్రోటీన్ సాయంతో. తెరపై ఎడమవైపు చూడండి: చొరబాటుకు ముందు అది పొట్టిగా, ముడుచుకొని ఉంటుంది. కుడివైపున్నది పని పూర్తయ్యాక కడ్డీలా సాగిన రూపం. ఒకసారి సాగితే మళ్లీ ముడుచుకోదు. అత్యంత బలమైన ప్రతిరక్షకాలు, అంటే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు, పట్టుకునే చోటు ముడుచుకున్న రూపం శిఖరాన ఉంటుంది, సాగగానే అది చెదిరిపోతుంది. అసలు చిక్కు ఏమిటంటే, ప్రయోగశాలలో ఈ ప్రోటీన్ దానంతట అదే సాగిపోయేది. ఫార్మలిన్ టీకాలోనూ ముడుచుకున్న రూపం నిలవలేదని తర్వాత తేలింది.

2013లో అమెరికా ప్రభుత్వ టీకా పరిశోధన కేంద్రంలో జేసన్ మెక్లెల్లన్, బార్నీ గ్రాహం, పీటర్ క్వాంగ్‌ల బృందం, డీ25 అనే మానవ ప్రతిరక్షకం ఆ శిఖరాన్ని పట్టుకొని ఉండగా ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలతో దాని నిర్మాణాన్ని కనుగొంది. ఆ తర్వాత వారు చేసిన పని నాకు మరీ అబ్బురంగా తోస్తుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చిన గొలుసు; అందులో 155, 290 స్థానాల్లోనివి ముడుచుకున్న రూపంలో దగ్గరగా ఉంటాయి, సాగితే దూరమవుతాయి. అక్కడున్న సెరీన్ అనే అమైనో ఆమ్లాలను తీసి సిస్టీన్ అనేవి పెడితే, వాటి గంధక పరమాణువులు ఒకదానినొకటి బిగించి పట్టుకున్నాయి. 190, 207 స్థానాల్లో అంతకంటే పెద్ద అమైనో ఆమ్లాలు చేర్చి, వదులైన మంచం కోడు సందులో చీల కొట్టినట్టుగా, లోపలి ఖాళీని పూడ్చారు. డీఎస్-కావ్1 అనే ఈ రూపాన్ని మనుషులకు ఒక్క మోతాదు ఇస్తే, వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షక శక్తి 10 రెట్లకు పైగా పెరిగిందని 2019లో వెల్లడైంది.

ముడుచుకున్న రూపాన్నే ఆధారం చేసుకున్న రెండు టీకాలకు 2023 మేలో అమెరికాలో వృద్ధుల కోసం అనుమతి లభించింది. వాటిలో ఒకదానిని అదే ఏడాది ఆగస్టులో గర్భిణులకూ అనుమతించారు. 32 నుంచి 36 వారాల మధ్య తల్లికి వేసే ఆ టీకా వల్ల తయారయ్యే ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకు చేరుతాయి.