చేత్తో కట్టిన గిటార్ యాంప్లిఫయర్‌ను తెరిచినప్పుడు
(అమలాపురంలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు, మెకానిక్కుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. డిప్లొమా చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, గడియారస్తంభం సెంటర్‌లో షాపులు కట్టేసి మరీ వచ్చిన నా తోటి మెకానిక్కులకూ మరోసారి నమస్కారం.

పోయిన వేసవిలో నా దగ్గరకు ఒక వాల్వు గిటార్ యాంప్లిఫయర్ వచ్చింది, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాల వాల్వులతో పనిచేసేది. అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన మన రాజోలు కుర్రాడిది. ఫ్యాక్టరీ సరుకు కాదు. ఒకే మనిషి తన షెడ్డులో కూర్చుని నెలకు ఒకటో రెండో కట్టిన రకం. వీటిని బొటీక్ యాంప్లిఫయర్లు అంటారు. దీనికి సర్క్యూట్ డయాగ్రం లేదు. కట్టినాయన ఆ పని మానేశాడట. “బాబాయ్, పది నిమిషాలు వాయిస్తే హమ్మింగ్ మొదలవుతోంది, సౌండ్ చచ్చుబడిపోతోంది, వెనక రెండు వాల్వులు ఎర్రగా కాలుతున్నాయి” అన్నాడు.

పేరు విని ఎవరూ భయపడనక్కర్లేదు. ఇంగ్లండులో 1950ల చివర్లో వచ్చిన వోక్స్ ఏసీ30 అనే గిటార్ యాంప్లిఫయర్ దారిలోనే ఇదీ కట్టారు. చివర స్పీకరును మోగించే నాలుగు ఈఎల్84 వాల్వులు, ముందు చిన్న సిగ్నల్‌ను పెంచే ఈసీసీ83 వాల్వులు, మొత్తం 30 వాట్లు. ఈఎల్84 మనకు కొత్తదా? పాత వాల్వు రేడియోల్లో స్పీకరును మోగించింది అదే. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు ఇలాంటి వాల్వులు తయారుచేశారు కూడా. మన సీనియర్లు నేర్చిన విద్యే ఇక్కడ అక్కరకొస్తుంది.

తేడా తీగల అల్లికలో ఉంది. న్యూజెర్సీలో కెన్ ఫిషర్ అనే ఆయన ట్రెయిన్‌రెక్ పేరుతో యాంప్లిఫయర్లు కట్టేవాడు. 2006లో పోయాడు. తను కట్టినవాటికి సీరియల్ నంబరు బదులు ఆడపిల్లల పేర్లు పెట్టేవాడు, మనవాళ్లు పడవకు పేరు రాయించుకున్నట్టు. ఏ తీగ ఎటు వంగాలి, దేనికెంత దూరంలో పోవాలి అన్నదాని మీద ఆయనకు అంత పట్టింపు. కాలిఫోర్నియాలో డంబుల్ అనే ఇంకొకాయన, 2022లో పోయాడు, ఎవరూ కాపీ కొట్టకుండా సర్క్యూట్ మీద రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురు పోసి కప్పేసేవాడు. ఆయన కష్టం ఆయనది, కాదనను. కానీ రిపేరుకు కూర్చున్నవాడిగా నాకది బాధే. ఎపాక్సీ కింద చిన్న రెసిస్టెన్స్ పోయినా దాన్ని తొలుచుకుంటూ వెళ్లాలి. మన కుర్రాడి యాంప్లిఫయర్‌లో అదృష్టవశాత్తూ అన్నీ కంటికి కనిపిస్తున్నాయి.

చాసిస్, అంటే సర్క్యూట్ ఉండే రేకు పెట్టె, బయటికి తీశాక నేను సోల్డరింగ్ ఐరన్ పెట్టలేదు. మొదటి గంట ఫోన్‌తో ఫొటోలే తీశాను. పైనుంచి, రెండు పక్కలనుంచి, ఒక్కో సాకెట్ దగ్గరనుంచి. తర్వాత నోట్‌బుక్‌లో సర్క్యూట్ గీసుకున్నాను. ఎందుకింత జాగ్రత్త అంటే, ఏళ్ల క్రితం ఒక వాల్వు యాంప్లిఫయర్‌లో తీగలు చిందరవందరగా ఉన్నాయని నీటుగా ఒక కట్టగా కట్టి టై బిగించాను. ఆన్ చేసి వాల్యూమ్ సగం దాటిస్తే కీచుమని అరుపు. సిగ్నల్ వాల్వులోకి దూరే చోటు గ్రిడ్, పెరిగి బయటికొచ్చే చోటు ఆనోడ్. గ్రిడ్‌కు వెళ్లే తీగలో సిగ్నల్ చాలా చిన్నది. ఆనోడ్ తీగలో అదే సిగ్నల్ పెద్దదై వస్తుంది. రెండింటినీ ఆనించి కట్టాను కదా, పెద్దది వెనక్కి చిన్నదానిలోకి దూరింది. టైలు కోసి, తీగలను మళ్లీ విడదీసి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడే ఫొటోలు ఉంటే అరగంట పని. ఇలాంటి సెట్టులో తీగ ఎలా పడుకుని ఉందో, అదీ ఒక పార్టు కిందే లెక్క.

ఇక ప్రాణం సంగతి. ఇందులో హెచ్‌టీ, అంటే వాల్వులకు ఇచ్చే హై టెన్షన్ డీసీ, 300 వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్ పీకేసినా, ఆ డీసీని చదునుచేసే ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచే ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానండి. 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టెన్స్‌కు ఇన్సులేషన్ క్లిప్పులు తగిలించి నెమ్మదిగా దించండి, మీటరు పెట్టి సున్నాకు వచ్చిందని చూసుకోండి. ఆన్‌లో కొలిచేటప్పుడు ఎడం చెయ్యి వెనక్కి. మా గురువుగారు ఈ మాట రోజుకు పదిసార్లు అనేవారు.

అమెరికా సెట్టు కదా, 120 వోల్టులది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది సరే, మన దగ్గర వోల్టేజి ఒక్క తీరున ఉండదు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లన్నీ తిరిగే వేళ పడిపోతుంది, లోడ్ తగ్గగానే ఎగుస్తుంది. 230 ఉండాల్సిన చోట 250 వస్తే, 6.3 వోల్టులు ఉండాల్సిన ఫిలమెంటుకు, అంటే వాల్వును లోపల వేడిచేసే తీగకు, 6.8 దాటుతుంది, హెచ్‌టీ కూడా అదే లెక్కన పెరుగుతుంది. పైగా సెకనుకు 60 సైకిళ్ల కరెంటుకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిళ్ల మీద ఎక్కువ వేడెక్కుతుంది. ఆ కుర్రాడికి స్టెబిలైజర్ తప్పనిసరి అని చెప్పాను. నేను మొదటిసారి కరెంటు ఇచ్చింది మాత్రం మనందరి దగ్గరా ఉండే సిరీస్ బోర్డు మీదే, అంటే 100 వాట్ల బల్బు గుండా సెట్టుకు కరెంటు వెళ్లేలా. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పరవాలేదు. వెలుగు అలాగే నిలిచిపోతే సెట్టు ఎక్కువ కరెంటు లాగుతున్నట్టే, వెంటనే కట్టేయాలి.

చివరి నాలుగు వాల్వులూ రెండేసి చొప్పున రెండు వైపులుగా పనిచేస్తాయి. ఎర్రబడుతున్న వాల్వులు రెండూ ఒకే వైపువి. ఆ సంగతి బాగా ఆలోచించాను. ఒక్కటే ఎర్రబడితే వాల్వునో దాని సాకెట్‌నో అనుమానించాలి. ఒక వైపు జంట మొత్తం కాలుతోందంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏది? ముందు స్టేజీ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కండెన్సర్. నాలుగు వాల్వులూ పీకేసి, ఖాళీ సాకెట్లో రెండో పిన్ను, అంటే గ్రిడ్, దగ్గర డీసీ కొలిచాను. వాల్వు ఉండగా కొలిస్తే తప్పు దానిదో కండెన్సరుదో తేలదు. మంచి వైపు సున్నా. చెడ్డ వైపు 4 వోల్టులు. మీటరు చూసి మళ్లీ కొలిచాను, అదే 4. సిగ్నల్ మాత్రమే దాటాల్సిన చోట డీసీ కారుతోంది. గ్రిడ్ ప్లస్ అయితే వాల్వు తన శక్తికి మించి కరెంటు లాగుతుంది, కాలుతుంది.

వదులు జాయింట్లు వెతకడానికి నేను వాడేది కొబ్బరి ఈనె. బాగా ఎండినది. పచ్చిదానిలో తడి ఉంటుంది, వద్దు. దాని కొసతో ఒక్కో జాయింటునూ మెల్లగా తడుతూ స్పీకరు వినాలి. ఒక ఈసీసీ83 సాకెట్ దగ్గర చిటపటమంది. పిన్నుల మీద నల్లటి పొర. మన ఉప్పుగాలి పని అది. 1996 నవంబరు తుఫాను తర్వాత గుట్టలుగా వచ్చిన తడిసిన టీవీల్లో ఈ నలుపును ఎంత చూశానో. క్లీనర్ కొట్టి వాల్వును నాలుగుసార్లు దించి ఎక్కించాను, పోయింది.

కండెన్సర్ ఒక్కటే మార్చాను. 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టులు, పాతదాని పొడవే, కాళ్ల వంపు కూడా అదే. మిగతావి కొలిచాను, బాగున్నాయి, ముట్టుకోలేదు. “అన్నీ కొత్తవి వేసేయ్ బాబాయ్” అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. కట్టినాయన ఏరికోరి వేసిన సామాను అది. ఇప్పుడా జంట వాల్వులు చల్లగానే పనిచేస్తున్నాయి.

తీసేసిన కండెన్సరును కవర్లో పెట్టి క్యాబినెట్ లోపల అంటించాను. ఇవాళ అతన్ని అడిగి తెచ్చాను. ఇదిగో, ముందు వరుస నుంచి అందుకోండి. కాలు మొదట్లో, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే, వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. కాలును ఒంటికి మరీ దగ్గరగా వంచిన చోట చూడండి. అందరూ చూశాక నాకే ఇవ్వండి, సాయంత్రం రాజోలు వెళ్లి అందజేయాలి.