నమ్మకం పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. దేవుడి మీద నమ్మకం పోవడం, దానివల్ల ఇంట్లో వచ్చే గొడవలు. ఈ వారం మన విషయం ఇదే. కుటుంబ కౌన్సెలర్ మేడమ్ మనతో ఉన్నారు. కాల్ చేసేవాళ్ళు పేరు చెప్పనక్కర్లేదు, మతం చెప్పనక్కర్లేదు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

మొదటి కాలర్: హలో మేడమ్, నమస్తే. నాకు 24 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ చాలా భక్తిగా పెరిగాను. ఎవరి బలవంతమూ లేదు, నాకే ఇష్టం. కానీ మూడు నాలుగేళ్ళుగా... ఎలా చెప్పాలో తెలీదు. ఏదో ప్రశ్న వచ్చేది, జవాబు వెతుక్కునేవాణ్ణి, మనసు ఒప్పుకునేది కాదు. అలా అలా ఒకరోజు చూసుకుంటే లోపల ఏమీ లేదు.

కౌన్సెలర్: ఇంట్లో ఎవరికైనా తెలుసా బాబూ?

మొదటి కాలర్: ఎవరికీ తెలీదు. రోజూ సాయంత్రం అందరం కూర్చుని ప్రార్థన చేస్తాం. నేను పెదాలు కదుపుతాను, గొంతు రాదు. మొన్న చూస్తే మా చెల్లి కళ్ళు తెరిచి నా వంకే చూస్తోంది. గబుక్కున గొంతు పెంచాను. అది ఏమీ అనలేదు. ఎప్పుడూ నా పక్కన కూర్చునేది, మర్నాటి నుంచి ఎదురుగా కూర్చుంటోంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా ఫ్రెండేమో "చెప్పకు, లేనిపోని తలనొప్పి ఎందుకు, పెదాలు కదిపితే పోయేదేముంది" అంటాడు.

కౌన్సెలర్: నీకేమనిపిస్తోంది?

మొదటి కాలర్: దొంగలా ఉంది మేడమ్. ఇంటర్వ్యూకి బయల్దేరితే మా అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆ చెయ్యి కింద నిలబడలేకపోతున్నాను. అమ్మ ఎవరి కోసం వేడుకుంటోందో ఆ అబ్బాయి ఇప్పుడు లేడు కదా అనిపిస్తుంది.

(కాసేపు మౌనం)

కౌన్సెలర్: ఉన్నాడు నాన్నా. ఇప్పుడు నాతో మాట్లాడుతున్నది ఆ అబ్బాయే. ముందు ఇది విను. రేపటి నుంచి నమ్మను అని ఎవరూ తీర్మానం చేసుకోరు. నిద్ర రమ్మంటే వస్తుందా? నమ్మకమూ అంతే. తప్పు చేసినవాడిలా మొహం దాచుకోకు. ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్తావన్నదే నీ చేతిలో ఉంది. ఇంకోటి, నువ్వు చాలా పోగొట్టుకున్నావు. కష్టం చెప్పుకునే తోడు, చనిపోయినవాళ్ళు మళ్ళీ కనిపిస్తారన్న ఆశ, అన్నీ పోయాయి. బయటపడ్డాక తేలిగ్గా ఉందనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకది నిజమే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మాత్రం ఎక్కువమంది ముందు ఏడుస్తారు.

మొదటి కాలర్: అవును మేడమ్. భయమేస్తే ఇప్పటికీ నోట్లో ఆ మాటలే వస్తాయి. వచ్చాక, ఎవరికి చెప్తున్నాను అనిపిస్తుంది.

కౌన్సెలర్: రానీ. చిన్నప్పుడు నేర్చుకున్న మాటలు కదా, వాటితో యుద్ధం అక్కర్లేదు. ఇక మీ ఫ్రెండ్ సలహా. చార్లెస్ డార్విన్‌కి పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న కూడా ఇదే చెప్పాడు, నీ సందేహాలు భార్య దగ్గర జాగ్రత్తగా దాచిపెట్టు అని. ఆయన వినలేదు. పెళ్ళి చేసుకోబోయే ఎమ్మాకి చెప్పేశాడు. ఆమె బాగా భక్తి ఉన్న మనిషి. 1839లో పెళ్ళయిన కొత్తలోనే ఆయనకి ఒక ఉత్తరం రాసింది. అందులో వాదన కొంచెమే, భయం ఎక్కువ. మనం శాశ్వతంగా ఒకరికొకరం కామేమో అనుకుంటే తట్టుకోలేనని రాసింది. ఆయన ఆ ఉత్తరం దాచుకున్నాడు. దాని మీదే రాసిపెట్టాడు, నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని. తర్వాతి రోజుల్లో ఇంట్లోవాళ్ళు చర్చికి వెళ్తే ఆ సమయంలో తను నడకకి వెళ్ళిపోయేవాడు. 1851లో పదేళ్ళ కూతురు యానీ పోయింది. అంత దెబ్బ తగిలినా ఇద్దరూ విడిపోలేదు. 1882లో ఆయన పోయేదాకా 43 ఏళ్ళు కలిసే ఉన్నారు. ఆమె భక్తి మానలేదు, ఆయనకి నమ్మకం తిరిగి రాలేదు.

మొదటి కాలర్: మా అమ్మ తట్టుకోలేదు మేడమ్.

కౌన్సెలర్: ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నీ తిండి, ఉండే చోటు ఇంటి మీదే ఆధారపడి ఉన్నాయా? ఇంట్లో చెయ్యి చేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మొదటి కాలర్: కొట్టేవాళ్ళు లేరు. ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి.

కౌన్సెలర్: ఎందుకడిగానంటే, అందరికీ చెప్పెయ్యమని నేను చెప్పలేను. మతం మారే హక్కు, నమ్మకం మార్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని 1948 నాటి మానవ హక్కుల ప్రకటనలో 18వ అధికరణం స్పష్టంగా చెప్పింది. అయినా మతం వదిలితే చట్టమే మరణశిక్ష వేసే దేశాలు ఇప్పటికీ ఉన్నాయి. చట్టం ఏమీ అనని చోట ఇల్లే శిక్ష వేస్తుంది. దెబ్బలు పడతాయి, రోడ్డున పడతాం అనే భయం ఉన్నవాళ్ళు నోరు మూసుకుని ఉంటే అది జాగ్రత్త. వాళ్ళని పిరికివాళ్ళు అనే హక్కు ఎవరికీ లేదు. నీకు ఆ ప్రమాదం లేదు కాబట్టి చెప్పు. ముందు అమ్మకి ఒక్కదానికే. ప్రార్థన టైమ్‌లో వద్దు, ఏదైనా గొడవ మధ్యలో అసలే వద్దు. "దేవుడు లేడమ్మా" అని మొదలుపెడితే వాదనలోకి దిగినట్టే. "అమ్మా, కొన్నాళ్ళుగా ప్రార్థనలో నా మనసు ఉండట్లేదు, నీ దగ్గర నటించడం నావల్ల కావట్లేదు" అను. ఏడుస్తుంది. ఎవరు చెడగొట్టారు నిన్ను అంటుంది. నా పెంపకంలో ఏం లోపం అని తనని తానే తిట్టుకుంటుంది. ఆ రోజు ఒక్క ప్రశ్నకి కూడా తెలివైన జవాబు చెప్పకు. పక్కన కూర్చో.

మొదటి కాలర్: మరి సాయంత్రం ప్రార్థనకి కూర్చోవాలా మానెయ్యాలా?

కౌన్సెలర్: నా సంగతి చెప్తాను. మా నాన్నకి చివరి రోజుల్లో చూపు ఆనేది కాదు. ఆయన ప్రార్థనల పుస్తకం అట్ట ఊడిపోయి, చుట్టూ రబ్బరు బ్యాండు వేసి ఉండేది. నాకు నమ్మకం లేదని అప్పటికి 15 ఏళ్ళుగా ఆయనకి తెలుసు. ఒక రాత్రి ఆ పుస్తకం నా వైపు జరిపి, "నువ్వు నమ్మక్కర్లేదు, నాకు వినపడేలా చదువు చాలు" అన్నారు. చదివాను. ఒక లైను వదిలేస్తే కళ్ళు తెరవకుండానే అందించారు. ఆ రాత్రి అబద్ధం ఆడుతున్నానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆయన తెలిసే అడిగారు, నేను తెలిసే చదివాను. అంతకుముందు, ఆయనకి తెలియని రోజుల్లో, ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు పెదాలు కదిపానో! ప్రతిసారీ ఆయనకి కాస్త దూరం జరిగినట్టే ఉండేది. అమ్మకి తెలిశాక, కూర్చోవాలనిపిస్తే కూర్చో. పెదాలు మాత్రం కదపకు. అలాగే చెల్లితో మాట్లాడు. నిన్ను పట్టుకోవాలనే చూసిందని ఎందుకనుకుంటున్నావు? దాని మనసులో ఏముందో అడిగి చూడు.

మొదటి కాలర్: అది నాకు తట్టలేదు మేడమ్. అడుగుతాను. థాంక్యూ.

యాంకర్: రెండో కాల్. చెప్పండమ్మా.

రెండో కాలర్: నమస్తే అండీ. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. మా ఆయనకీ ఉండేది, రెండేళ్ళ నుంచి మానేశారు. మానెయ్యనివ్వండి, నేనేమీ అనను. కానీ నేను దండం పెట్టుకుంటుంటే పాప ముందే "మీ అమ్మ గోడతో మాట్లాడుతోంది చూడు" అంటారు. దానికి తొమ్మిదేళ్ళు. మొన్న నన్నడిగింది, "అమ్మా, నీకు చదువు రాదా?" అని. డిగ్రీ చదివానండీ నేను.

కౌన్సెలర్: చాలా బాధ పెట్టే మాటమ్మా. నమ్మకపోవడం ఆయన హక్కు. భార్యని బిడ్డ ముందు చులకన చేసే హక్కు మాత్రం ఆయనకి లేదు. నేనూ నమ్మనిదాన్నే కాబట్టి నమ్మనివాళ్ళందరికీ చెప్తున్నాను, ఎదుటి మనిషిని వెక్కిరిస్తే నిజానికి వచ్చే లాభం ఏమీ లేదు. మరి మీరు పాపకి ఏం చెప్పారు?

రెండో కాలర్: కోపంలో అన్నానండీ... దేవుణ్ణి అలా అంటే నాన్న నరకానికి పోతారని.

కౌన్సెలర్: పాప నిద్రపోతోందా?

రెండో కాలర్: (గొంతు తగ్గించి) లేదండీ. రాత్రిళ్ళు లేచి, నాన్న ఉన్నారా అని చూసి వస్తోంది.

కౌన్సెలర్: అయితే ఈ రాత్రే ఆ మాట వెనక్కి తీసుకోండి. నాన్న ఎక్కడికీ వెళ్ళరు, కోపంలో అన్నాను, తప్పు అన్నాను అని చెప్పండి. అమ్మ ఇలా నమ్ముతుంది, నాన్న అలా అనుకుంటారు, నీకు ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని లేదు అని కూడా చెప్పండి. ఆ వయసు పిల్లలు అమ్మానాన్నల్లో ఒకరిని ఎంచుకోవాల్సి వస్తుందేమోనని బెంగపెట్టుకుంటారు. ఆయనతో పాప లేనప్పుడు మాట్లాడండి. దేవుడి గురించి వద్దు, ఆ గోడ మాట గురించే. గోరా గారు పేరుమోసిన నాస్తికుడు. 1944లో సేవాగ్రామ్ ఆశ్రమానికి వెళ్ళి గాంధీగారిని కలిశారు. గాంధీగారి రోజు ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. అలాంటి మనిషి, నా ఆస్తికత్వం సరైనదనీ చెప్పలేను, మీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను అన్నారని గోరాగారే రాశారు. గోరా గారి అమ్మాయి పెళ్ళి ఆశ్రమంలో చెయ్యడానికి ఒప్పుకుని, ప్రమాణంలో దేవుడు అనే చోట సత్యం అనడానికి కూడా సరేనన్నారు. గాంధీగారి హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. మీ ఆయన్ని మీ పక్కన దండం పెట్టమనకండి, కానీ మీరు పెట్టుకునేటప్పుడు ఆ రెండు నిమిషాలు మౌనంగా ఉండమనండి. అది అడగడంలో తప్పు లేదు.

రెండో కాలర్: అలాగేనండీ. ముందు పాపకి చెప్తాను.

యాంకర్: మూడో కాల్.

మూడో కాలర్: మేడమ్, నాకు నమ్మకం పోతోందేమోనని భయంగా ఉంది. ప్రార్థన చేస్తుంటే దేవుడి మీద బూతులు వస్తాయి మనసులో. కావాలని కాదు. ఒక మాట అటూఇటూ అయితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను. ఐదు నిమిషాల ప్రార్థన గంటన్నర పడుతోంది.

కౌన్సెలర్: మీకు నమ్మకం పోలేదు. పోయినవాళ్ళకి ఇంత భయం ఉండదు. మీరు చెప్పింది వింటే ఓసీడీలో ఒక రకంలా ఉంది. అంటే వద్దన్నా అవే ఆలోచనలు రావడం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చెయ్యాలనిపించడం అనే మానసిక సమస్య. ఏది మీకు పవిత్రమో దాని మీదే అలాంటి ఆలోచన వచ్చి పడుతుంది. 17వ శతాబ్దంలో జాన్ బన్యన్ అనే క్రైస్తవ బోధకుడు తన ఆత్మకథలో ఇలాంటి బాధే రాసుకున్నాడు, అప్పట్లో దీనికి వైద్యం లేదు. ఇప్పుడుంది. సైకియాట్రిస్టుని కలవండి. మందులున్నాయి. ఆలోచన వచ్చినా ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టకుండా ఉండటం కొంచెం కొంచెంగా నేర్పించే థెరపీ ఉంది. ఇది పాపం కిందకి రాదు, ఆలస్యం చెయ్యకండి.

యాంకర్: ఇంకొక్క కాల్‌కి టైమ్ ఉంది. చెప్పండి సర్.

నాలుగో కాలర్: ఇందాకటి నుంచి వింటున్నానమ్మా. ఆ కుర్రాడితో నమ్మకం పోతే తప్పు లేదన్నారు. ఇలా మీరంతా ధైర్యం ఇవ్వబట్టే పిల్లలు చెడిపోతున్నారు. నాలుగు పుస్తకాలు చదివి తల్లిదండ్రులకే నీతులు చెప్తున్నారు. దేవుడు వద్దన్నవాడికి రేపు తండ్రి మాత్రం ఎందుకు?

కౌన్సెలర్: మీ అబ్బాయా సర్?

(మౌనం)

నాలుగో కాలర్: ఎనిమిది నెలలైంది మాట్లాడి. దేవుడు లేని నోటితో నన్ను నాన్నా అనొద్దు అన్నాను. వెళ్ళిపోయాడు.

కౌన్సెలర్: వాళ్ళు చెడిపోతున్నారన్న మాట నేను ఒప్పుకోను సర్. మీ బాధ మాత్రం నాకు అర్థమవుతోంది. వాడు మీ నుంచి శాశ్వతంగా తెగిపోతాడని మీకు భయం. నమ్మితేనే కొడుకునా అని వాడి భయం అయ్యుంటుంది. ఈ ఎనిమిది నెలల్లో వాడి నుంచి ఏమీ రాలేదా?

నాలుగో కాలర్: నా పుట్టినరోజుకి ఒక మెసేజ్ వచ్చింది. చూసి వదిలేశాను.

కౌన్సెలర్: ఏముంది అందులో?

నాలుగో కాలర్: "నాన్నా, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా" అని.

కౌన్సెలర్: నాన్నా అనే రాశాడు.

నాలుగో కాలర్: (గొంతు బొంగురుపోయి) ఆ... అవునమ్మా.

కౌన్సెలర్: దానికి జవాబు ఇవ్వండి సర్. దేవుడి ఊసు వద్దు, జరిగినదాని ఊసూ వద్దు. వాడు అడిగినదానికే.

నాలుగో కాలర్: వేసుకుంటున్నానని రాయమంటారా?

కౌన్సెలర్: వేసుకుంటున్నారా?

నాలుగో కాలర్: సరిగ్గా వేసుకోవట్లేదమ్మా.

కౌన్సెలర్: అయితే అదే రాయండి.