యుద్ధం ప్రకటించారు సరే, సైన్యమేదీ?

అందరికీ నమస్కారం. అమెరికా సైన్యం అనగానే మనకు గుర్తొచ్చేది ఇవాళ్టి సైన్యం, డ్రోన్లూ విమానవాహక నౌకలూ. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 ఏప్రిల్ 6న జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన అమెరికా వేరు. రెగ్యులర్ ఆర్మీలో ఉన్నది లక్షా ముప్పై వేల లోపే. అప్పటికే 1916లో ఫ్రెంచివాళ్లకూ జర్మన్లకూ జరిగిన వెర్డన్ పోరు ఒక్కదాంట్లోనే అంతకు రెట్టింపు మంది పోయారు.

వాలంటీర్లతో పని జరగదని మే 18న నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చారు. జూన్ 5న, ఒక్కరోజులో, 21 నుంచి 30 ఏళ్ల మగాళ్లు దాదాపు కోటి మంది పేర్లు రాయించుకున్నారు. ముందు ఎవరిని పిలవాలి? దానికి లాటరీ! ఊరూరా ఉన్న బోర్డు తన జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చింది. జులై 20న వాషింగ్టన్‌లో యుద్ధమంత్రి న్యూటన్ బేకర్ కళ్లకు గంతలు కట్టించుకుని గాజుపాత్రలో చెయ్యిపెట్టి ఒక గొట్టం తీశాడు, అందులో 258 వచ్చింది. అంతే, దేశంలో ఏ బోర్డులో 258 ఎవరిదైతే వాళ్లకు ముందు పిలుపు. (అక్కడి గ్రీన్ కార్డు ఉన్న మన అబ్బాయిలకు 18 నిండితే వర్తించే సెలెక్టివ్ సర్వీస్, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పేర్లు నమోదు చేసే పద్ధతి, దాని మూలాలు ఇక్కడే ఉన్నాయి.)

మనుషులు దొరికారు, తుపాకులు చాల్లేదు. శిక్షణ శిబిరాల్లో చాలామంది చెక్క తుపాకులతో కవాతు చేశారు. ప్రపంచానికి అప్పులిస్తున్న దేశం ఫిరంగులు, ట్యాంకుల కోసం ఫ్రాన్స్ మీద ఆధారపడింది. జూన్ 26న సెయింట్ నజేర్ రేవులో దిగిన తొలి పద్నాలుగు వేల మందిలో చాలామంది కొత్తవాళ్లే. జులై 4న పారిస్‌లో జనం వాళ్ల మీద పూలు చల్లారు గానీ, వాళ్లను కందకాల్లోకి పంపడానికి సేనాని పెర్షింగ్ తొందరపడలేదు.

బ్రిటిష్, ఫ్రెంచి వాళ్లు మీ కుర్రాళ్లను మా దళాల్లో కలిపేయండి అని ఒకటే ఒత్తిడి. కుదరదన్నాడు, నా సైన్యం నా కిందే ఉండాలన్నాడు. మరి నల్లజాతి రెజిమెంట్లు నాలుగింటిని మాత్రం ఫ్రెంచి సైన్యానికి ఎందుకిచ్చేశాడు? ఆయన పట్టుదలను మెచ్చుకునేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు, నాకది మింగుడుపడదు.

సొంతంగా చేసిన మొదటి పెద్ద దాడి 1918 మే 28న, కాంతిన్యీ అనే చిన్న పల్లె మీద. ట్యాంకులు, మంటలు చిమ్మే యంత్రాలు ఫ్రెంచివాళ్లవి. పల్లె తొందరగానే దొరికింది. ఈలోగా జర్మన్లు వేరేచోట విరుచుకుపడటంతో ఫ్రెంచి ఫిరంగులు అటు వెళ్లిపోయాయి, ఎదురుదాడులన్నీ వీళ్లే కాచుకోవాల్సొచ్చింది. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి వెయ్యి దాటారు.

జూన్ 6న బెల్లో వుడ్ అనే అడవి. మెరైన్లు నడుం ఎత్తు గోధుమ చేనులో వరసలు కట్టి, ఎదురుగా చెట్ల మధ్య మెషిన్‌గన్లు పెట్టుకుని కాచుక్కూర్చున్న జర్మన్ల వైపు నడిచారు. 1914లో ఫ్రెంచివాళ్లు ఇలా నడిచే కుప్పలుగా కూలారు. నాలుగేళ్లుగా పక్కవాళ్లు రక్తంతో నేర్చుకున్నది వీళ్లు మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నారు. ఆ ఒక్కరోజే మృతులు, క్షతగాత్రులు కలిపి 1,087 మంది. అడవి పూర్తిగా చేతికొచ్చేసరికి జూన్ 26 అయింది, అంటే ఓడ దిగి సరిగ్గా ఏడాది.

ఆ తర్వాత జరిగిన పెద్ద యుద్ధం, ఆర్గాన్ పోరు గురించి అడుగుతారని తెలుసు, దానికి ఇంకో సాయంత్రం పడుతుంది. టీ తాగొచ్చాక మిగతా ప్రశ్నలు అడగండి.