పాత్ర తీసుకున్న నిర్ణయం జోలికి పోవద్దు
(నెల్లూరు పురమందిరంలో యువ ఎడిటర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ప్రత్యేకంగా నమస్కారం.

మీరు పంపిన ఫ్యాన్ ఎడిట్లు, అంటే విడుదలైన సినిమాలను అభిమానులుగా మీరే మళ్ళీ కోసి కూర్చినవి, అన్నీ చూశాను. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాణ్ణి కాబట్టి కట్ ఎక్కడ పడిందో నా కంటికి ముందు కనబడుతుంది. చాలావాటిలో కట్ చక్కగా పడింది. కొన్నిటిలో మాత్రం చనిపోయిన హీరో లేచొచ్చాడు, ద్రోహం చేసినవాడు చెయ్యకుండా ఆగిపోయాడు. ఒక సినిమా కథను అభిమాని ఎంతవరకు మార్చవచ్చు అన్నది ఇవాళ నాకిచ్చిన విషయం. నా జవాబు ముందే చెప్పేస్తాను. నిడివి తగ్గించండి. సీన్ల వరుస మార్చండి. పాట తీసేయండి. రహస్యం ఫస్టాఫ్‌లో బయటపడాలో సెకండాఫ్‌లో బయటపడాలో మీ ఇష్టం. పాత్ర తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం మార్చకండి.

మనందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. 2015లో, 2017లో వచ్చిన బాహుబలి రెండు భాగాలూ కలిపితే ఐదు గంటలు దాటుతాయి. 2025 అక్టోబరులో రాజమౌళి గారే వాటిని ఒక్క సినిమాగా కుదించి, మూడు గంటల నలభై అయిదు నిమిషాలకు తెచ్చారు. శివుడూ అవంతికా ప్రేమకథలో చాలాభాగం పోయింది, కొన్ని పాటలు పోయాయి. కట్టప్ప చేసిన పని మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు మీలో ఎవరైనా ఆ హత్య సీను ఎత్తేసి, కట్టప్ప కత్తి దించేశాడన్నట్టు కోశారనుకోండి. కట్ పరంగా అదేమంత కష్టం కాదు. కానీ దేవసేన పాతికేళ్ళ సంకెళ్ళకు అర్థమేముంటుంది? ఆమె ఏరుకున్న పుల్లలు ఎవరి చితికి? ఒక్క నిర్ణయం లాగేస్తే మొదటి రీలు దాకా కూలుతుంది.

బయటి దేశాల్లో ఈ పని పాతదే. 1999లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా ఫాంటమ్ మెనాస్ నచ్చని అభిమాని ఒకాయన, మైక్ జె. నికల్స్, దాన్ని 136 నిమిషాల నుంచి 118కి కుదించాడు. జార్ జార్ అనే పాత్ర అల్లరి తగ్గించాడు, సాగదీసిన మాటలు కోశాడు. ఎవరు గెలిచారు, ఎవరు పోయారు అన్నది మారలేదు. ఫ్యాన్ ఎడిట్ అన్న మాటకు గౌరవం తెచ్చినవాటిలో అదొకటి.

అదే స్టార్ వార్స్‌లో నా వాదనకు ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. 1977 సినిమాలో హాన్ సోలో కల్లుదుకాణంలాంటి చోట కూర్చుని, తనను పట్టుకోవచ్చిన గ్రీడోను బల్ల కిందనుంచి తానే కాల్చేస్తాడు. 1997లో జార్జ్ లూకాస్ ఆ సీను మార్చి, గ్రీడో ముందు కాల్చినట్టు చేశాడు. అభిమానులు ఊరుకోలేదు. పాత ప్రింట్లు వెతికి, ఫ్రేము ఫ్రేమూ పోల్చి, మొదటి రూపాన్ని తిరిగి కట్టారు. తీసినవాడే మార్చినా ఒప్పుకోలేదంటే వాళ్ళు కాపాడింది దర్శకుడి హక్కును కాదు, హాన్ నిర్ణయాన్ని. తన ప్రాణం కోసం ముందే కాల్చే మనిషి, తర్వాత స్నేహితుల కోసం వెనక్కి తిరిగొస్తాడు. ఆ మార్పు విలువంతా మొదటి తూటాలో ఉంది.

ఇక్కడ షోలే నన్ను ఇబ్బంది పెడుతుంది, దాటేయలేను. 1975లో, ఎమర్జెన్సీ రోజుల్లో, సెన్సారు వాళ్ళు ముగింపు మార్పించారు. మొదట తీసినదాంట్లో ఠాకూర్ మేకులున్న చెప్పులతో గబ్బర్‌ను చంపేస్తాడు. మనం యాభై ఏళ్ళు చూసినదాంట్లో పోలీసులకు అప్పగిస్తాడు. ఆ అసలు ముగింపుతో బాగుచేసిన ప్రింటు 2025 జూన్‌లో ఇటలీలోని బొలోనాలో వేశారు. మరి స్థిరపడిన కథ ఏది? తీసినవాళ్ళ మనసులో ఉన్నదా, మన అమ్మానాన్నలు హాల్లో చూసినదా? నేను రెండూ ఉండాలంటాను. కారణం ఒక్కటే. రెండు ముగింపులూ ఠాకూర్ వేషం వేసిన సంజీవ్ కుమార్ చేసినవి. ఆ కోపమూ ఆయనదే, ఆ ఆగిపోవడమూ ఆయనదే. షూటింగులో ఉన్నది వెనక్కి తెస్తే అది ఎడిటింగే. నటుడు చెయ్యనిది చేసినట్టు చూపిస్తే దానికి వేరే పేరు పెట్టుకోవాలి.

ఎందుకింత పట్టుదల అంటారా? లెవ్ కులెషోవ్ అనే రష్యన్ వందేళ్ళ కిందటే ఒకే మొహాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన పెట్టి చూపించాడు. చూసేవాళ్ళకు ఆకలీ దుఃఖమూ కనిపించాయి. ఒక రియాక్షన్ షాట్‌తో మీరు ఎవరి చేత ఏమైనా అనిపించగలరు. సాధనాలు కూడా చేతికొచ్చాయి. డిస్కులో 5.1 శబ్దం, అంటే ఆరు ఛానెళ్ళుగా విడివిడిగా ఉండే శబ్దం, ఉంటే మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్లో ఉంటాయి. వాటిని విడదీసి, కట్ దగ్గర తెగిన నేపథ్య సంగీతం మీద అదే సినిమాలోని మరో ముక్క పరిస్తే అతుకు తెలియదు. నేర్చుకోండి, నేర్పుతాను కూడా. అతుకు తెలియనంత పనితనం ఉన్నవాడికే ఈ హద్దు ఎక్కువ అవసరం.

2025 ఆగస్టు 1న ఏం జరిగిందో చూశారుగా. 2013 నాటి హిందీ సినిమా రాంఝణా తమిళ రూపం అంబికాపతిని, హక్కులున్న సంస్థ ఏఐతో ముగింపు మార్చి మళ్ళీ విడుదల చేసింది. చనిపోయిన హీరో కుందన్ ఆస్పత్రిలో కళ్ళు తెరిచాడు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, ఆ పాత్ర వేసిన ధనుష్ ఇద్దరూ తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. అసలు సినిమాలో కుందన్‌ది ఉత్త చావు కాదు. లేవగలను, కానీ ఎవరి కోసం అనుకుని కళ్ళు మూసుకుంటాడు. ఆ నిర్ణయాన్ని ఒక యంత్రం చెరిపేసింది. హక్కు కాగితం చేతిలో ఉన్నవాళ్ళు చేసినా నాకది తప్పే. మన 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా, తన గౌరవానికి భంగం కలిగేలా కృతిని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కర్తకు మిగిల్చింది. సినిమాల్లో ఆ కర్త ఎవరన్నది లాయర్లు తేల్చుకోనీ, ఆ మాట వెనకున్న మర్యాద మనకు చాలు.

మీలో ఒకరు అడిగారు: మనవాళ్ళు మార్చలేదా అన్నా, మాయాబజార్‌లోని శశిరేఖ పెళ్ళి వ్యాస భారతంలో ఉందా అని. లేదు. కానీ వాళ్ళు కొత్తగా రాసి, కొత్త నటులతో, తమ పేరు పెట్టుకుని తీశారు. ఇంకొకరి సినిమాలోంచి ఘటోత్కచుడి మొహం కోసుకురాలేదు. ఇదే పెన్న ఒడ్డున తిక్కన ఏడువందల శ్లోకాల గీతను కొద్ది పద్యాల్లోకి కుదించాడు. అంతకంటే పెద్ద ట్రిమ్ నాకు తెలియదు! అయినా అర్జునుడు విల్లు వదిలాడు, మళ్ళీ పట్టాడు. ఇక మన గుడ్లూరు ఎర్రన. అరణ్యపర్వంలో నన్నయ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోతే, దాదాపు మూడొందల ఏళ్ళ తర్వాత ఆయన అదే శరత్తులో సూర్యోదయంతో అందుకున్నాడు. ఆ భాగాన్ని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. తానొక్కడే తెనిగించిన హరివంశం తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డికి ఇచ్చాడు. ఏది ఎవరిదో ఆయనకు తెలుసు.

అందుకని మీ ఎడిట్ మొదట్లోనే ఏం తీశారో, ఏం జరిపారో ఒక కార్డు వేయండి. మీరు కొన్న డిస్కుతోనే పని చేయండి, మీ ఎడిట్‌ను పైసాకు కూడా అమ్మకండి. నటుడి గొంతును ఏఐతో కొత్త మాటలు పలికించకండి. కథే మారాలని మనసు పీకుతుంటే ఫోను తీసుకుని మైపాడు తీరానికో ఉదయగిరి కొండకో వెళ్ళి, మీ స్నేహితుల చేత మీ కథ ఆడించి పట్టుకురండి. ఆ సినిమాలో హీరో బతకాలా చావాలా మీరే తేల్చండి. ఎడిటింగుకు నా దగ్గరికి రండి, ఒక్క రూపాయి తీసుకోకుండా కూర్చుంటాను.