ల్యాప్‌టాప్ వైఫై కార్డులో మూడో యాంటెన్నా ఎందుకు పోయింది?

నమస్కారమండీ. ఇవాళ టేబుల్ మీద రెండు వైఫై కార్డులున్నాయి. ఎడమ వైపుది ఇంటెల్ సెంట్రినో అల్టిమేట్-ఎన్ 6300. పాత మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, దీని మీద మూడు యాంటెన్నా కనెక్టర్లు కనిపిస్తాయి. కుడి వైపుది 2020లో వచ్చిన ఇంటెల్ ఏఎక్స్210, ఎం.2 కార్డు, దీనికి రెండే. పాతదాని స్పీడ్ 450 ఎంబీపీఎస్, కొత్తదాని స్పీడ్ 2402. స్పీడ్ ఐదింతలు పెరిగింది, యాంటెన్నా మాత్రం ఒకటి తగ్గింది. ఆపిల్ కూడా అంతే చేసింది. 2013 నుంచి మ్యాక్‌బుక్ ప్రోలో మూడు స్ట్రీములతో (స్ట్రీమ్ అంటే ఒకేసారి విడిగా వెళ్లే ఒక డేటా ధార, ఒక్కోదానికి కనీసం ఒక యాంటెన్నా కావాలి) 1300 ఎంబీపీఎస్ ఉండేది, 2020లో ఎం1 చిప్ వచ్చేసరికి రెండు స్ట్రీములతో 1200కి దిగింది.

ముందు లెక్క చూద్దాం. వైఫై 6లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ మీద ఒక్క స్ట్రీమ్ దాదాపు 600 ఎంబీపీఎస్ మోస్తుంది. 2400 కావాలంటే రెండు దారులున్నాయి. నాలుగు యాంటెన్నాలు పెట్టి 80లోనే ఉండొచ్చు, లేదా రెండే ఉంచి ఛానల్‌ని 160 చేయొచ్చు. యాంటెన్నా పెంచితే దానితోపాటు ఒక పవర్ యాంప్లిఫయరు, రిసీవ్ వైపు ఒక లో-నాయిస్ యాంప్లిఫయరు, ఫిల్టర్, స్విచ్, హింజ్ గుండా పైకెళ్లే సన్నటి కోయాక్స్ కేబుల్, స్క్రీన్ అంచులో చోటు, అన్నీ పెరుగుతాయి. అంచులేమో ఏటా సన్నబడుతున్నాయి, మూత లోహంతో చేస్తున్నారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో సగం తరంగదైర్ఘ్యం 6 సెంటీమీటర్లు. యాంటెన్నాలు అంతకంటే బాగా దగ్గరైతే రెండూ ఒకే సిగ్నల్‌ని వింటున్నట్టవుతుంది, స్ట్రీములు విడదీయడం కష్టం. ఛానల్ వెడల్పు పెంచడానికి ఈ బాధలేవీ లేవు. ఆ పని చాలావరకు చిప్ లోపలే జరుగుతుంది.

బ్యాటరీ సంగతీ ఉంది. వైఫై ఎక్కువసేపు చేసే పని వినడమే. మూడు రిసీవర్లూ ఆన్‌లో ఉంటే మూడింటికీ కరెంటు పోతుంది. అందుకే 802.11ఎన్ (వైఫై 4) నుంచే, ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క యాంటెన్నాతో వింటూ, రౌటర్ పిలిచినప్పుడు మిగతావి లేపే పద్ధతి పెట్టారు.

మరి పోగొట్టుకున్నదేమిటి? ఛానల్ రెట్టింపైతే లోపలికొచ్చే నాయిస్ 3 డీబీ పెరుగుతుంది, అంటే రెట్టింపవుతుంది, పంపే పవర్ మాత్రం అంతే. రౌటర్ పక్కన ఇది తెలియదు. రెండు ఇటుక గోడల అవతల, బెడ్‌రూమ్‌లో తెలుస్తుంది. మూడో రిసీవ్ యాంటెన్నా ఉంటే సగటున పెరిగేది 1.8 డీబీయే, పెద్ద సంఖ్యేమీ కాదు. దాని అసలు విలువ వేరే చోట ఉంది. రెండు స్ట్రీముల్ని రెండే యాంటెన్నాలతో విడదీస్తుంటే, ఒకదానికి సిగ్నల్ పడిపోగానే కార్డు ఒక స్ట్రీముకి దిగిపోతుంది, స్పీడ్ సగమైపోతుంది. మూడోది ఉంటే ఆ లోటు అది పూడ్చేస్తుంది. వీడియో కాల్‌లో మాట తెగిపోకుండా కాపాడేది ఇదే. నా దృష్టిలో 160 మెగాహెర్ట్జ్ కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

కానీ దీన్ని అమ్మడం ఎలా? మూడు యాంటెన్నాలతో రెండు స్ట్రీములు విన్నా డబ్బా మీద వేసేది 2402 అనే. ఖర్చు పెరిగింది, అంకె పెరగలేదు. అంకె పెంచని భాగాన్ని ల్యాప్‌టాప్ కంపెనీ కొనదు.

అంకె కోసం డిజైన్ వంగడం కొత్తేమీ కాదు. ఇంటెల్ 5100 అనే పాత కార్డులో రెండు రిసీవ్ యాంటెన్నాలు, ఒకటే ట్రాన్స్‌మిట్. 300 అన్నది డౌన్‌లోడ్‌కే, అప్‌లోడ్ 150. రౌటర్ల మీద ఏఎక్స్5400 అని ఉంటుంది కదా, అది 574కి 4804 కలిపిన మొత్తం. ఆ 4804 రావాలంటే నాలుగు స్ట్రీములు, 160 మెగాహెర్ట్జ్ కావాలి. రెండు స్ట్రీముల ల్యాప్‌టాప్‌కి అందులో సగం దాటి రాదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 64 వరకు నంబర్లున్న ఛానళ్లు కలిపితేనే మొదటి 160 మెగాహెర్ట్జ్ ఛానల్. అందులో 52 నుంచి పైవి రాడార్‌తో పంచుకునేవి. రౌటర్ ముందు 60 సెకన్లు విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. తర్వాతైనా రాడార్ వినిపిస్తే ఛానల్ వదిలేయాలి. పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ కూడా ఆ వెడల్పులోనే ఎక్కడో ఒకచోట ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో 80కి తగ్గించి చూడండి, చాలాసార్లు కనెక్షన్ నిలకడగా ఉంటుంది.

ఇంటెల్ వైఫై 7 కార్డు బీఈ200 మీద 5.8 జీబీపీఎస్ అని రాస్తారు. అది 6 గిగాహెర్ట్జ్‌లో 320 మెగాహెర్ట్జ్ ఛానల్ దొరికితేనే. 2025 మేలో కేంద్రం ముసాయిదా ఇచ్చిన బ్యాండ్ 5925 నుంచి 6425 వరకు, అంటే 500 మెగాహెర్ట్జ్. 320 ఛానల్ అందులో ఒక్కటే పడుతుంది. రెండు బ్యాండ్లు ఒకేసారి అనే ప్రచారం కూడా జాగ్రత్తగా చదవాలి. ల్యాప్‌టాప్ కార్డుల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కో బ్యాండ్‌లో ఒక్కో యాంటెన్నా వింటుంది, డేటా రాగానే రెండూ ఒకే బ్యాండ్‌కి చేరతాయి. ఆలస్యం తగ్గుతుంది, నిజమే. స్పీడ్ మాత్రం రెట్టింపు కాదు.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ చూసుకోండి. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్. లింక్ స్పీడ్ దగ్గర రౌటర్ పక్కన కూర్చున్నా 433 దాటకపోతే, సాధారణంగా ఒకటే స్ట్రీమ్. చవక మోడళ్లలో వచ్చే రియల్‌టెక్ 8821సీఈ అలాంటిదే. 866 అంటే సాధారణంగా రెండు. 1201 దగ్గర మోసపోవద్దు. 80లో రెండు స్ట్రీములైనా, 160లో ఒక స్ట్రీమైనా అదే అంకె వస్తుంది. కార్డు మోడల్ నంబర్ చూస్తేనే తేలుతుంది. కొనేటప్పుడు 2×2 (పంపడానికి రెండు, వినడానికి రెండు యాంటెన్నాలు) ఉందా అని అడగండి. 160 లేకపోయినా ఫర్వాలేదు, రెండో యాంటెన్నా లేకపోతే వద్దు.

కార్డు మార్చాలనుకుంటే ముందు వెనక మూత తీసి, కేబుళ్లు ఎన్నున్నాయో చూడండి. ఒకటే ఉంటే ఏఎక్స్210 వేసినా రెండో స్ట్రీమ్ రాదు. కార్డు మదర్‌బోర్డుకే అంటించి ఉంటే మార్చడం కుదరదు. ఏఎక్స్201, ఏఎక్స్211 కొనేముందు ఆగండి. వాటిలో రేడియో భాగమే ఉంటుంది, మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు ఉంటుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి పనిచేయవు, ఏఎక్స్210 పనిచేస్తుంది.

ఆ చిన్న కనెక్టర్లు 30 సార్ల వరకే తీసి పెట్టడానికి తయారుచేసినవి. కేబుల్ పట్టి లాగకుండా, అంచు కింద ప్లాస్టిక్ పుల్ల పెట్టి నిట్టనిలువుగా లేపండి. పెట్టేటప్పుడు సరిగ్గా మధ్యలో పెట్టి, క్లిక్‌మనేదాకా వేలితో నొక్కండి. బ్లూటూత్ ఈ రెండింటిలో ఒక యాంటెన్నానే పంచుకుంటుంది. మార్చాక వైఫై బాగుండి మౌస్ మాత్రం ఆగి ఆగి కదులుతుంటే, ముందు ఆ కనెక్టరే సరిగా కూర్చోలేదేమో చూడండి.